ఆదివారం లేని గ్రాఫు

ఇది నిప్పు లేకుండా రగిలిన ఒక మంట కథ. ఇందులో ఒక అగ్నిపర్వతం ఉంది, ఒక ధర్మసంకటం ఉంది, పాదరసం నేలపాలైన విషాద ఘట్టం ఉంది, పుట్టిన దగ్గర్నుంచీ కలవరించిన ఒక మహావాహనాన్ని కళ్ళారా చూడడానికి నదీపాయ దాటి చేసిన ప్రయాణం ఉంది. ఇంతవరకూ రాసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదువుకున్నాను. పచ్చి అబద్ధం. ఇది మా పెరట్లో పెంటకుప్ప సంగతి. చదివినవాళ్ళకి నిద్ర పట్టకపోవడం అలా ఉంచి, కొందరికి మధ్యలోనే పట్టేయవచ్చు.

నన్ను కదిలించింది మా కోడలు. బెజవాడలో మా ఫ్లాటు బాల్కనీలోకి ఈ మధ్య ఆమె ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా తెప్పించింది. కూరల తొక్కలూ, టీపొడి పిప్పీ అందులో వేస్తే ఎరువవుతుందట. మూతకి ఒక మీటరుంది, లోపల వేడెంతుందో అది గంటగంటకీ ఫోనుకి చెబుతుంది. ఆమె ఆఫీసుకి వెళ్తూ ఆ కబుర్లు నా ఫోనుకి వచ్చేటట్టు చేసి పోయింది, రిటైరైన మనిషికి ఏదో ఒక ఉద్యోగం ఉండాలని. ఇక అప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పేపరు సగం చదివి లేస్తాను, బాల్కనీలోకి పోతాను, డబ్బా మీద చెయ్యి వేసి చూస్తాను, వచ్చి కూచుంటాను, మళ్ళీ లేస్తాను. చల్లగానే ఉంటుంది. ఈ వయసులో ఈ తిరుగుడేమిటి అని మా ఆవిడ అడిగింది. ఈ జబ్బు నాకు తొమ్మిదో తరగతిలో ఒకసారి వచ్చి తగ్గిందని చెప్పాను. తగ్గిందన్న ఆ ఒక్క మాటే ఆవిడ నమ్మలేదు.

మాది అవనిగడ్డకి కాస్త దిగువన, దివిసీమలో ఒక ఊరు. నాన్న ఆ ఊరి ఆసుపత్రిలో కాంపౌండరు. డాక్టరు గారు వారానికి రెండు రోజులు వచ్చేవారు కాబట్టి, మిగతా రోజుల్లో ఊరందరికీ నాన్నే డాక్టరు. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడది. ఉప్పెన గురించి ఇక్కడేమీ రాయను, దాని మీద నాకు జోకులు రావు. మా కథకి కావలసిందల్లా ఒక్కటే: ఉప్పెనలో తడిసి ఉప్పెక్కిన వరిగడ్డి మా పెరట్లో వాము వాముగా మిగిలిపోయింది. ఏడాది వానలకి ఉప్పు కడుక్కుపోయినా గొడ్లు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకునేవి. అలాంటి గడ్డికి ఏదో ఒక ఉపయోగం చూడాలని నాయనమ్మ ఆలోచిస్తూ ఉండగా, మా సైన్సు మాస్టారికి బందరులో జరగబోయే జిల్లా సైన్సు ప్రదర్శన గురించి కబురొచ్చింది.

ఇక్కడ నా కోరిక సంగతి చెప్పాలి. నాకు అప్పటికి రైలు తెలియదు. దివిసీమలో పుట్టినవాడికి పడవ తెలుసు, బళ్ళని ఏరు దాటించే పంటు తెలుసు, బస్సు టాపు తెలుసు, రైలెక్కడిది. నా క్లాసులో రైలు చూసినవాడు ఒక్కడే, మా మేనత్త కొడుకు. పక్కిల్లే. నాకంటే ఏడాది పెద్ద, కానీ తొమ్మిదో తరగతి మీద మమకారంతో రెండోసారి కూడా అందులోనే ఉన్నాడు. కళ్ళు చూపించుకోవడానికి మావయ్యతో బందరు వెళ్ళినప్పుడు స్టేషనుకి పోయి రైలు చూసొచ్చాడు. దాని గురించి ఎప్పుడడిగినా, కళ్ళు అరమోడ్చి, చెబితే అర్థమయ్యేది కాదురా, అని ఊరుకునేవాడు. మోక్షం పొందినవాళ్ళు మాట్లాడే పద్ధతి అది. బందరు ప్రదర్శనకి ఎవరి ప్రాజెక్టు ఎంపికైతే వాళ్ళని తానే తీసుకెళ్ళి, తిరుగు బస్సుకి ముందు రైల్వే స్టేషను కూడా చూపిస్తానని మాస్టారు క్లాసులో అన్నరోజు నుంచీ నాకు అన్నం సహించలేదు. అంటే, మామూలుగా తినేదానికంటే ఒక ముద్ద తగ్గింది.

బి సెక్షను వాళ్ళు అగ్నిపర్వతం చేస్తున్నారు. మట్టి కొండ, లోపల ఏదో పొడి, అగ్గిపుల్ల గీస్తే నిప్పురవ్వలు. దాని ముందు ఏదీ నిలవదని అందరికీ తెలుసు. మాస్టారు బావకీ నాకూ ఇచ్చినది మాత్రం కాలవలో పెరిగే గుర్రపుడెక్క మొక్కలతో కంపోస్టు చేసి, కుళ్ళేటప్పుడు అందులో పుట్టే వేడిని రోజూ కొలిచి గ్రాఫు గీయడం. వేడి మొదట పెరగాలి, కొన్నాళ్ళకి తగ్గాలి, గ్రాఫు కాగితం మీద చక్కని కొండలా రావాలి, కొండ కనిపిస్తేనే మీరు బందరు వస్తారు, అని షరతు పెట్టాడు. అంటే ఇద్దరివీ కొండలే. వాళ్ళది నిప్పు కక్కుతుంది, మాది కంపు కొడుతుంది.

బావా నేనూ కాలవలో దిగి, జలగలు పట్టించుకుంటూ గుర్రపుడెక్క లాగి, ఒడ్డున వేసి, దాన్ని పేడతో కలిపి పెరట్లో నడుమెత్తు కుప్ప వేశాం. వేసిన సాయంత్రం నుంచే నేను దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. బడిలో కూచుంటే కుప్ప గుర్తొచ్చేది, కుప్ప దగ్గర నిలబడితే రైలు గుర్తొచ్చేది, చెయ్యి దూర్చి చూస్తే చల్లటి బురద తగిలేది. మాటిమాటికీ కెలికితే పుట్టిన ఆ కాస్త వేడీ పోతుందిరా అని మాస్టారు తిట్టాడు. కెలకడం మానేసి, నిలబడి చూడడం మొదలుపెట్టాను. కుప్పలంత నెమ్మదస్తులు ప్రపంచంలో లేరు.

బడిలో పొడుగు థర్మామీటరు ఒక్కటే ఉండేది, అది బీరువాలో తాళం వెనకాల. అంచేత నేను నాన్న సంచిలోంచి జ్వరం చూసేది తీసుకెళ్ళి కుప్పలో గుచ్చాను. రోజూ చూసి గ్రాఫు మీద చుక్కలు పెట్టాను. వేడి పెరిగింది. మర్నాడు ఇంకాస్త పెరిగింది. ఆ తర్వాత తగ్గడమనే మాట లేకుండా అక్కడే నిలబడిపోయింది. కుప్ప అంత స్థిరచిత్తంతో ఉండడం చూసి నేను పొంగిపోతూ ఉంటే నాన్న చూసి, విదిలించావా అని అడిగాడు. జ్వరం చూసే థర్మామీటర్లో ఎక్కిన పాదరసం విదిలిస్తేగానీ దిగదని కాంపౌండరు కొడుకుని, నాకు తెలియాలి. నాన్న నోట్లో పెట్టి తీసి విదిలించడం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. కానీ అది జ్వరం వచ్చినవాళ్ళకి చేసే మర్యాద అనుకున్నాను తప్ప కుప్పకి కూడా చెయ్యాలని తట్టలేదు. విదిలించి మళ్ళీ పెడితే, కుప్ప నా ఒంటికంటే చల్లగా ఉంది. నేను చూసి మురిసిపోయిన వేడంతా ఏదో ఒక మధ్యాహ్నపు ఎండది.

గుర్రపుడెక్కలో నీళ్ళెక్కువ, గాలి ఆడడం లేదు, ఎండుగడ్డి కలిపి తిరగెయ్యండి అని మాస్టారు చెప్పడంతో నాయనమ్మ ఉప్పెన గడ్డికి మోక్షం వచ్చింది. పొరకి పొర వేసి కుప్ప తిరగేశాం. రెండు రోజులకి నిజంగానే రగిలింది. నేను థర్మామీటరు గుచ్చి వెనక్కి తీసేలోగా లోపల టప్ మని చిన్న చప్పుడయింది. నాన్న వచ్చి, ఆ మూల ఎరువంతా గాజుముక్కలతో పాదరసంతో సహా పారతో ఎత్తి, గోతం సంచిలో కట్టి, ఎవరూ తవ్వని చోట లోతుగా పూడ్చాడు. తిట్టలేదు. చేతులు కడుక్కుంటూ, నూట పది దాటితే మనిషీ ఉండడు, థర్మామీటరూ ఉండదు, అని మాత్రం అన్నాడు.

నా చేతిలో మిగిలిపోయిన పై ముక్క సాక్ష్యంగా చూపించేసరికి మాస్టారు కరిగి, బీరువా తాళం తీశాడు. పొడుగు థర్మామీటరుకి దారం కట్టి, బొంగు వెదురు గొట్టంలోంచి కుప్ప నడిమికి దింపేవాళ్ళం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పైకి లాగగానే దిగిపోతుంది కాబట్టి బావ గభాల్న చదివి అరవాలి, నేను రాయాలి. మొదటి రోజు అలవాటుకొద్దీ లాగగానే విదిలించబోయాను, బావ నా చెయ్యి పట్టుకుని థర్మామీటరునీ నన్నూ ఇద్దర్నీ కాపాడాడు. సెంటీగ్రేడులో యాభై దాటిందని చెప్పడానికి ఆసుపత్రికి పరిగెత్తితే, అన్నీ ఫారన్‌హీట్లో చూసే నాన్న ముఖం చిట్లించి, యాభై అంటే పేషంటు పోయి చాలాసేపయినట్టు, అన్నాడు.

అంతా సవ్యంగా జరుగుతోందనుకున్న సమయానికి, అన్ని వారాల్లాగే, ఆదివారం వచ్చింది.

మా ఇంట్లో ఆదివారం పని లేదు. మేం క్రైస్తవులం. అందులో మా నాయనమ్మ మరీ పట్టుదల మనిషి, ఆదివారం కత్తిపీట ముట్టదు, సూది ముట్టదు, కూర కూడా శనివారం సాయంత్రమే తరిగి పెట్టుకుంటుంది. శనివారం సాయంత్రం కుప్ప వేడి చూసి, అది ఇంకా ఎక్కుతూ ఉండడంతో, నేను ఒళ్ళు మరిచి, రేపు పొద్దున్నే చూస్తే శిఖరం దొరుకుతుంది బావా, అన్నాను. నాయనమ్మ చెవిలో పడింది.

"రేపు ఆదివారం. ఆ గొట్టం ముట్టుకున్నారంటే వేళ్ళు విరుస్తా."

"పని కాదు అమ్మమ్మా, చూడ్డమే," అన్నాడు బావ.

"చూడ్డం పని కాకపోతే ఇన్నాళ్ళూ నీళ్ళు తోడమంటే, పనిలో ఉన్నామని చెప్పారేంట్రా?"

నాన్న మా పక్షాన ఒక మాట వేశాడు. ఆసుపత్రికి ఎవరైనా వస్తే ఆయన ఆదివారం కూడా వెళ్ళేవాడు కాబట్టి ఆయనకి కాస్త అధికారం ఉందనుకున్నాం.

"జ్వరానికి ఆదివారం ఉండదమ్మా."

"మనిషి జ్వరానికి ఉండదురా. పెంట జ్వరానికి ఉంటుంది."

నాన్న సంచి తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నా జీవితంలో అంత పొడుగైన ఆదివారం లేదు. చర్చికి వెళ్తూ చూస్తే కుప్ప మీంచి ఆవిరి లేస్తోంది, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు. చాప మీద కూచున్నాను గానీ కూచున్నట్టు లేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఆరోజు సహనం గురించి చెబుతున్నారు, దాన్ని వివరించడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి ఎంతకీ ముగించకపోవడం. నేను ఇటు కదిలితే నాయనమ్మ తొడపాశం పెట్టేది, అటు కదిలితే బావ మోకాలు తగిలేది. అక్కడ మా పెరట్లో, ఎవరూ చూడకుండా, నా కొండ తన శిఖరం ఎక్కి దిగిపోతోంది. దాంతోపాటు రైలు కూడా.

సోమవారం పొద్దున లాగి చూస్తే అరవై. సాయంత్రానికి యాభై ఎనిమిది. ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెం దిగడమే. ఎక్కుడు మా దగ్గర ఉంది, దిగుడు మా దగ్గర ఉంది, మధ్యలో కొండకి తల లేదు. అంతకుముందు ఆదివారాలు కూడా ఖాళీయే, కానీ అప్పుడు కుప్ప చల్లగా పడుందిగనక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు గ్రాఫు మొత్తం పన్ను ఊడిన నోరులా నవ్వుతోంది, ఊడింది ముందు పన్ను.

మాస్టారు తల పట్టుకున్నాడు. శిఖరం లేని కొండని బందరు ఎలా తీసుకెళ్తానురా, రెండు వైపులా ఉన్న చుక్కల్ని బట్టి పైన నున్నగా కలిపేయండి, రేపు పొద్దున నేనే వచ్చి కుప్పనీ గ్రాఫునీ చూసి తేలుస్తాను, అన్నాడు. బావకి అంతకంటే ఏం కావాలి. ఇంటికొచ్చి ఆదివారం గీత మీద అరవై ఎనిమిది దగ్గర పెన్సిలుతో గుండ్రంగా ఒక చుక్క పెట్టాడు. అరవై ఎనిమిదే ఎందుకంటే, డెబ్భై అంటే మరీ ఆశ అనిపిస్తుందిరా, అన్నాడు. ఆ చుక్క అందంగానే ఉంది. నేను దాన్ని చూస్తూ, దాని వెనక రైలు కూత వింటూ ఉండగా నాయనమ్మ బియ్యం చేటతో వచ్చి పక్కన కూచుంది. ఆవిడకి బైబిలు చదివేంత చదువుంది, గ్రాఫు తెలియదు. కానీ మేం రోజూ దాని మీద పడి ఉండడం చూసి, అడ్డంగా పోయేవి వారాలని ఆవిడకి తెలిసిపోయింది.

"ఈ పైనున్న చుక్కేంట్రా?"

"ఆదివారం," అన్నాడు బావ, ఏమీ ఎరగనట్టు.

"ఆదివారం ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు అమ్మమ్మా."

"మరి చుక్క ఎవరు పెట్టారు?"

బావ జవాబు చెప్పలేదు. తొమ్మిదో తరగతిలో అలవాటే కాబట్టి పెద్ద ఇబ్బంది పడినట్టు కూడా లేదు. చెరిపెయ్యమని ఆవిడ అరవలేదు, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ అక్కడే కూచుంది, అంతే. ఆ కూచోవడం తట్టుకోలేక బావే రబ్బరు తీసి చెరిపాడు. రబ్బరు మంచిది కాదు. చుక్క పోయి మచ్చ మిగిలింది.

మర్నాడు మాస్టారు సైకిలు మీద వచ్చాడు. నేను గోడ పక్కన నిలబడి, కాళ్ళు మార్చి మార్చి నేల తవ్వేస్తున్నాను. ఆయన కుప్ప చుట్టూ తిరిగి, గ్రాఫు విప్పి, మచ్చ చూసి, ఇది కలపలేదేమని అడిగాడు. మేం నాయనమ్మ వైపు చూశాం. ఆవిడ ఆయన్ని కూచోబెట్టి మజ్జిగ ఇచ్చి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మాస్టారూ, ఆదివారం మీరు బడికొస్తారాండీ?"

"రానండి."

"ఆరోజు పిల్లలకి హాజరు వేస్తారా?"

"బడే లేనప్పుడు హాజరేంటండీ?"

"ఇదీ అంతేనండి."

మాస్టారు గ్లాసు సగంలో ఆపి ఆవిడ వంక చూశాడు. బడికీ కుప్పకీ పోలికేంటని ఆయన అడిగి ఉండవచ్చు, అలా అడిగితే మా నాయనమ్మ దగ్గర ఏమీ లేదు. ఆయన అడగలేదు. గ్రాఫు చుట్ట చుట్టి, సరే, ఉన్నదున్నట్టే తీసుకురండి, అన్నాడు. ఆయన ఒప్పుకున్నది ఆ వాదానికో, రెండో గ్లాసు మజ్జిగకో, బి సెక్షను అగ్నిపర్వతాన్ని బస్సులో పట్టుకోవడానికి ఇద్దరు మోతగాళ్ళు కావలసి వచ్చో నాకు ఇప్పటికీ తెలియదు. చివరిదే అయ్యుంటుంది, ఎందుకంటే చల్లపల్లిలో బస్సు మారినప్పుడు ఆ కొండని దించి ఎక్కించింది మేమే.

ప్రదర్శన బందరులో ఒక హైస్కూలు హాల్లో. మాకు కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. మా గంపెడు ఎరువుని ముందే వాసన చూసి ఇచ్చినట్టున్నారు. అగ్నిపర్వతం చుట్టూ జనం, మా దగ్గర ఈగలు. మధ్యాహ్నం వేళ ఎక్కడో దూరంగా, ఇళ్ళ కప్పుల మీంచి, పొడుగ్గా ఒక కూత వినిపించింది. అదేనా బావా, అన్నాను. వాడు కళ్ళు అరమోడ్చి తలూపాడు. కిటికీలోంచి మెడ చాచాను, చింతచెట్టు తప్ప ఏమీ కనపడలేదు. బల్ల వదిలి కదలకూడదని మాస్టారి ఆజ్ఞ. సరిగ్గా అప్పుడే న్యాయనిర్ణేత వచ్చాడు, కాలేజీ లెక్చరరు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. గ్రాఫు మీద వేలు పెట్టి కొండ ఎక్కుతూ వచ్చి, మచ్చ దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడేమైంది?"

"ఆదివారమండి," అన్నాను.

"ఆదివారం కుప్పకి సెలవా?"

"కుప్పకి లేదండి. మాకేనండి."

"అయితే ఇది మొత్తం మీద ఎంత వేడెక్కినట్టు?"

బావ నా వీపు మీద వేలితో ఆరు, ఎనిమిది రాస్తున్నాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఆ మచ్చ, దాని పక్కన ఎక్కడో చేట పట్టుకుని కూచున్నట్టు మా నాయనమ్మ.

"తెలియదండి. చూసినవాటిల్లో అరవై ఎక్కువండి. అసలుది మేం చూళ్ళేదు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఈ హాల్లో తెలియదన్నవాడివి నువ్వే, అన్నాడు. అది మెచ్చుకోలు అని మాస్టారు తర్వాత ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు. కావచ్చు. బహుమతి మాత్రం అగ్నిపర్వతానికి ఇచ్చాడు.

తిరుగు బస్సుకి ముందు, మాట ప్రకారం, మాస్టారు మమ్మల్ని స్టేషనుకి తీసుకెళ్ళాడు. నేను ఆయనకంటే ముందు నడుస్తూ, దారి తెలియక ఆగుతూ, మళ్ళీ ముందు నడుస్తూ పోయాను. రైలుంది. బందరు దగ్గర పట్టాలు అయిపోతాయి కాబట్టి వచ్చిన రైలు అక్కడ ఆగుతుంది, మళ్ళీ బయలుదేరేదాకా అలాగే ఉంటుంది. ఇంజను లేదు. తలుపులు వేసున్నాయి. ఒక మనిషి బకెట్టు పెట్టుకుని కిటికీలు కడుగుతున్నాడు. కదలని రైలు, చూడడానికి, ధాన్యం గోడౌనులా ఉంటుంది. గోడౌనుకి చక్రాలుండవు, అదే తేడా.

"ఇది కదిలితే ఎలా ఉంటుంది బావా?" అన్నాను.

వాడు మాస్టారికి వినపడకుండా, "ఏమోరా. అప్పుడూ ఇలాగే ఉంది," అన్నాడు.

నాలుగింటి బస్సుకి వచ్చేశాం. ఇంటికెళ్ళాక నాయనమ్మ, గెలిచారా అని అడగలేదు, చుక్క అడిగారా అని అడిగింది. అడిగారన్నాను. ఏం చెప్పావంది. తెలియదన్నానన్నాను. రెండో ముద్దకి పెరుగు ఎక్కువ వేసింది. నేను తర్వాత ఉద్యోగరీత్యా కదిలే రైళ్ళలో చాలా తిరిగాను, ఎక్కువసార్లు నిద్రపోయాను. బావ ఇప్పుడు గుడివాడలో మనవల్ని ఆడిస్తున్నాడు. ఎప్పుడైనా ఫోను చేస్తే హలో అనడు, అరవై ఎనిమిది, అంటాడు. నాయనమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది.

ఇప్పుడు నా ఫోనులో గ్రాఫు దానంతట అదే గీసుకుంటుంది. అందులో ఖాళీలు లేవు. పగలూ రాత్రీ పండగా ఆదివారం, గంటకో చుక్క, ఎవరూ చూడకపోయినా చుక్క పడుతుంది, చుక్క ఎవరు పెట్టారని అడిగేవాళ్ళు లేరు. మన తరంవాళ్ళకి చూడకుండా పోయినవి చాలా ఉన్నాయి, వాటి ఎత్తు మనకి తెలియదు, తెలియకపోవడం వల్ల అవి కాస్త ఎత్తుగానే మిగిలిపోయాయి. ఈ పిల్లలకి ఏదీ తప్పిపోదు. అది మంచిదే అయ్యుంటుంది. నేను మాత్రం ఆదివారం వచ్చే కబుర్లు సోమవారం దాకా విప్పి చూడడం లేదు. భక్తి అనుకునేరు. కాదు, ఆ ఒక్కరోజైనా ఆ డబ్బా లోపల ఏదో రగులుతోందని అనుకోవచ్చు కదా అని.

నిన్న సోమవారం విప్పి చూశాను. బాల్కనీలో గాలి ఎంత వేడో డబ్బా లోపలా అంతే. కంపోస్టు వేడెక్కాలంటే కుప్ప కనీసం నడుమెత్తు ఉండాలి, డబ్బాలో వేసినంత చెత్తకి వేడి నిలవదు. ఇక మా తడి చెత్త కూడా అందరిలాగే విడిగా కట్టి గేటు దగ్గర పెట్టాలి. మునిసిపాలిటీ బండి ఏడింటికి వస్తుంది.